రెండుసార్ల పిన్ని

మా పిన్నిని డిపోలో అందరూ రెండుసార్ల పిన్ని అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. సొంత పిన్నికి ఆఫీసులో పేరు పెట్టి పదిమందిని నవ్వించిన పాపం ఊరికే పోతుందా? పోలేదు. ఎర్ర బూటు రూపంలో వచ్చి నా నెత్తిన పడింది.

పిన్ని అంటే మా అమ్మ ఆఖరి చెల్లెలు. సిటీ బస్సుల డిపోలో, కింద అంతస్తులో, పోయిన వస్తువుల గది ఆవిడది. జనం బస్సుల్లో మర్చిపోయినవన్నీ ఏ పూటవి ఆ పూటే అక్కడికి చేరతాయి. గొడుగులు, కళ్ళజోళ్ళు, పుస్తకాలు, పళ్ళసెట్లు. ఒకసారి చెక్క తలుపు కూడా వచ్చింది. తలుపుని అంత కష్టపడి బస్సెక్కించిన మనిషి అది లేకుండా ఎలా దిగిపోయాడో ఈరోజుకీ మాకు అర్థం కాదు. ప్రతి వస్తువుకీ పిన్ని ఒక చీటీ కట్టి, వివరం కంప్యూటర్లో ఎక్కించి, అరలో సర్దుతుంది.

నేను అదే డిపోలో మేడ మీద, కంప్యూటర్ సెక్షన్. పిన్ని సిఫార్సుతో రాలేదు, పరీక్ష రాసి వచ్చాను. అడగనివాళ్ళకి కూడా ఈ మాట చెబుతుంటాను. నేను పిన్నీ పిన్నీ అని పిలవడం విని మెకానిక్‌ల దగ్గర్నుంచి సూపరింటెండెంట్ గారి దాకా అందరికీ ఆవిడ పిన్ని అయిపోయింది.

ఇక రెండుసార్ల సంగతి. ఎవరైనా వచ్చి నా వస్తువు పోయిందండీ అంటే, పిన్ని ఆ వస్తువు గుర్తులూ, వచ్చినవాళ్ళ ఫోన్ నంబరూ టైప్ చేసి బటన్ నొక్కుతుంది. ఉంటే ఏ అరలో ఉందో వస్తుంది. లేకపోతే "లేదు" అని వస్తుంది. "లేదు" అని వచ్చినప్పుడల్లా పిన్ని మళ్ళీ నొక్కుతుంది. ఎండైనా వానైనా, వరసలో ఇరవైమంది నిలబడి ఉన్నా, రెండోసారి నొక్కకుండా ఎవరినీ పంపదు. ఈ అలవాటు ముదిరి ఇంట్లో కూడా "భోంచేశావా?" అని రెండుసార్లు అడుగుతుంది. తిన్నానని చెప్పినా మళ్ళీ అడుగుతుంది.

ఆరేళ్ళ కిందట మేడెక్కి వచ్చి ఆవిడ మాకు చెప్పింది. "మొదటిసారి అడిగితే లేదంటోందే, రెండోసారి అడిగితే ఉందంటోంది. ఒకసారి వచ్చి చూడు." వెళ్ళాను. ఆవిడ నొక్కి చూపించింది, బాగానే ఉంది. నేను యాభైసార్లు నొక్కాను, యాభైసార్లూ బాగానే ఉంది. డాక్టర్ గది గుమ్మం తొక్కగానే పంటి నొప్పి తగ్గిపోయినట్టు. అప్పుడు నేను సెక్షన్ మొత్తం వినేలా అన్నాను: "అది కంప్యూటరు పిన్నీ, బాబాయి కాదు, రెండోసారి అడిగితే గానీ నిజం చెప్పకపోవడానికి." అందరూ పడీపడీ నవ్వారు. పిన్ని కూడా నవ్వింది. కిందకి దిగి వెళ్ళి, రెండోసారి నొక్కడం మొదలుపెట్టింది.

ఇప్పుడు పిన్ని రిటైర్ అవుతోంది. శుక్రవారం ఆఖరి రోజు. ఆవిడ స్థానంలోకి కండక్టర్ బాబాయిని వేశారు. నిజంగా బాబాయి కాదు, మోకాలు అరిగిపోయి బస్సు మెట్లు ఎక్కలేక ఈ గదికి బదిలీ అయిన పెద్దాయన. ఇరవై ఆరేళ్ళు "చోటు లేదు, చోటు లేదు" అని అరిచిన గొంతు ఆయనది.

ఆ సోమవారం పొద్దున్న స్కూలుకి వెళ్తూ మా అమ్మాయి బస్సులో ఎడమ కాలి బూటు వదిలేసింది. కుడి కాలిది భద్రంగా ఉంది. ఒక బూటు ఎలా పోతుందే అంటే, "కాలికి గాలి ఆడాలి కదా" అంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, రెండు దాటి పది నిమిషాలకి, నేను కిందకి దిగాను. పిన్ని ఒక మూల కూర్చుని చీటీలు రాస్తోంది. బాబాయి కంప్యూటర్ ముందున్నాడు. నా ఫోన్ నంబరూ, బూటు గుర్తులూ టైప్ చేసి నొక్కాడు.

"లేదమ్మా," అన్నాడు, చోటు లేదన్నంత తృప్తిగా.

పిన్ని తలెత్తకుండానే అంది. "ఇంకోసారి నొక్కండి."

"ఎందుకక్కగారూ? లేదని రాసిందిగా."

"నొక్కండి."

నొక్కాడు. నేను బల్ల మీద వంగి నా కళ్ళతో నేనే చూశాను. చిన్నపిల్ల బూటు, ఎరుపు, ఎడమ కాలిది, ఏడో అర.

పిన్ని లేచి వెళ్ళి బూటు తెచ్చి నా ముందు పెట్టింది. "చెప్పానా?" అనలేదు. అన్నా బాగుండేది, తిట్టినా పడేదాన్ని. ఏమీ అనకపోవడమే నన్ను పొడిచింది. ఆరేళ్ళు నేను నవ్వించిన నవ్వంతా గొంతులో అడ్డం పడింది.

"ఇది చూడు," అని పిన్ని అరల వెనకనుంచి ఇంకోటి తెచ్చింది. గోధుమరంగు తోలుసంచీ. లోపల చిన్న చిన్న సుత్తులు, మీటలు, గుడ్డముక్కలు, రెండు కొమ్ముల ట్యూనింగ్ ఫోర్క్ ఒకటి. "పియానోలు శ్రుతి చేసే ఆయనది. ఇలాగే ఒక మధ్యాహ్నం వచ్చాడు. నొక్కాను. లేదంది. లేదండీ అన్నాను. సరేనమ్మా, థాంక్స్ అని వెళ్ళిపోయాడు. నాలుగు నెలల తర్వాత దుమ్ము దులుపుతుంటే ఇదిగో, నాలుగో అరలో, నా చేత్తో కట్టిన చీటీతోనే కనిపించింది."

"అప్పట్నుంచేనా రెండోసారి నొక్కడం?"

"అప్పట్నుంచే. ఏడాది దాటితే పారేయాలని రూలు. దీనికి మాత్రం ఏటా కొత్త చీటీ రాస్తున్నాను. ఎవరికీ చెప్పకు." సంచీ మూత నొక్కి సర్దింది. "ఆయన నా మాట నమ్మి వెళ్ళిపోయాడే. వాదించినా బాగుండేది. శుక్రవారంతో నేనూ వెళ్ళిపోతాను. ఆ తర్వాత ఈ గదిలో రెండోసారి ఎవరు నొక్కుతారు?"

బాబాయి గట్టిగా "నేను నొక్కుతానక్కగారూ" అన్నాడు. ఆయన మంచి మనిషే. కానీ పిన్ని ఆయన వైపు చూసిన చూపులో నమ్మకం లేదు, నాకూ లేదు. పైగా ఇదే ప్రోగ్రామ్ మిగతా పదకొండు డిపోల్లో కూడా నడుస్తోంది. అక్కడ పిన్ని లేదు. శుక్రవారం లోపల దీని అంతు తేల్చాలని బూటు చంకలో పెట్టుకుని మెట్లెక్కాను.

ముందు సూపరింటెండెంట్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు, జాగ్రత్తపరుడు. "లేదంటే రెండోసారి నొక్కవలెను అని బోర్డు రాయించమంటావా? రేపు పేపర్లో వేస్తారు, డిపోలో మూఢనమ్మకాలు అని. తప్పుంటే దిద్దు. కానీ బయటనుంచి తెచ్చుకున్న ప్రోగ్రాముల మీద మాత్రం చెయ్యి వెయ్యకు. గుర్తుందిగా?" గుర్తుంది. రెండేళ్ళ కిందట ఎవరో అలాగే చెయ్యి వేస్తే, ఒక రోజు పొద్దున్న నూట నలభై బస్సులూ ఒకే నిమిషానికి బయల్దేరతాయని బోర్డు చూపించింది. ఆ చెయ్యి ఎవరిదో అడక్కండి.

ఆ సాయంత్రమే పాత వెతుకులాటల చిట్టా తీశాను. ఏ డిపోలో ఎవరు ఏ వస్తువు కోసం ఎప్పుడు నొక్కారు, ఏం జవాబొచ్చింది, అన్నీ మా సెక్షన్ కంప్యూటర్లో వరసగా పడి ఉంటాయి. ఎవరూ తెరిచి చూడరు. "లేదు" అని వచ్చి, నిమిషం తిరక్కుండా "ఉంది" అని వచ్చినవి ఏరాను. వందలున్నాయి. అన్నీ రెండు వేళల్లోనే: పొద్దున్న గది తెరవగానే మొదటిది, భోజనాలయ్యాక మొదటిది. అంటే అరగంటో ముప్పావుగంటో ఎవరూ ముట్టుకోకపోతే, ఆ తర్వాత అడిగిన మొదటి ప్రశ్నకి తప్పు జవాబొస్తోందన్నమాట. ఆరేళ్ళ కిందట నేను వెళ్ళినప్పుడు పిన్ని అప్పుడే నొక్కి ఉంది కాబట్టి నాకు దొరకలేదు.

మంగళవారం అంతా కోడ్ చదివాను. మా ప్రోగ్రామ్‌లో తప్పు లేదు, మూడుసార్లు చూశాను. ఇక మిగిలింది డ్రైవర్. డ్రైవర్ అంటే ఇక్కడ స్టీరింగ్ తిప్పేవాడు కాదు. వస్తువుల వివరాలన్నీ దాచుకున్న డేటాబేస్‌కీ మా ప్రోగ్రామ్‌కీ మధ్య కబుర్లు మోసే చిన్న ప్రోగ్రామ్. మేం వాడేది ఓపెన్ సోర్స్. ఎవరో పుణ్యాత్ములు రాసి, ఎవరైనా వాడుకోండి, తప్పుంటే దిద్ది పంపండి అని లోకానికి వదిలేసింది.

మధ్యాహ్నం మూడింటికి దొరికింది. డేటాబేస్‌కి ఒక అలవాటుంది. అరగంట ఎవరూ పలకరించకపోతే లైను పెట్టేస్తుంది. అందులో తప్పు లేదు. ఆ సంగతి తెలియని డ్రైవర్ గారు, పెట్టేసిన లైనులోనే "ఎర్ర బూటు ఉందా?" అని అడుగుతారు. అవతల ఎవరూ లేరు, ఒక్క అక్షరం రాదు. అక్షరం రాలేదు కాబట్టి బూటు లేదు అని తేల్చేసి, మనకి వచ్చి "లేదు" అని చెబుతారు. చెప్పేశాక, అరెరె లైను పోయిందే అని కొత్త లైను కలుపుకుంటారు. అందుకే రెండోసారి నిజం వస్తుంది. మౌనం అర్ధాంగీకారం అన్నారు మన పెద్దలు. వీడెవడో మౌనాన్ని పూర్తి నిరాకరణ చేసి కూర్చున్నాడు.

కుర్చీలోంచి లేచి సెక్షన్ అంతా ఒక చుట్టు తిరిగాను. ఏమైందని అడిగినవాళ్ళకి "ఏం లేదు, చాలా బాగుంది" అన్నాను. ఆ సంతోషం నాకు కొత్త కాదు గానీ ఇంత రుచిగా ఎప్పుడూ లేదు. రెండేసి మెట్లు దూకుతూ కిందకి వెళ్ళి పిన్నికి చెప్పాను.

పిన్ని శ్రద్ధగా విని, "అంటే వస్తువు లేదని అది అనలేదన్నమాట. అసలు మాట్లాడనే లేదు," అంది.

"అంతే."

"మరి లేదని ఎవరన్నారు?"

"మధ్యలోవాడు."

"మధ్యవర్తులెప్పుడూ ఇంతే," అని చీటీలు రాసుకోవడంలో పడింది. కానీ పెదాలు బిగబట్టి నవ్వు ఆపుకుంటోంది. ఆవిడకి పిచ్చి లేదని ఆరేళ్ళకి ఒక మనిషి ఒప్పుకుంది మరి.

దిద్దుబాటు నాలుగు లైన్ల కోడ్. అక్షరం రాకపోతే లైను పోయినట్టు లెక్క, కొత్త లైను కలిపి అదే ప్రశ్న మళ్ళీ అడుగు, అంతే. అది పనిచేస్తుందని రుజువు చేసే టెస్ట్ మాత్రం అరవై లైన్లైంది. పిల్ల కొంచెం, పిల్ల సామాను బండెడు. సాయంత్రం ఐదింటికి దాన్ని ఆ డ్రైవర్ ప్రాజెక్టు నడిపే పెద్దకి పంపాను. ఆయన ఒప్పుకుని కొత్త రిలీజ్‌లో కలిపితేనే మా డిపోలో పెట్టుకోవడానికి అనుమతి.

ఆ పెద్ద ఎవరో, ఏ దేశంలో ఉంటాడో తెలీదు. మొహం ఉండాల్సిన చోట ముళ్ళపంది బొమ్మ ఉంది. పాత జవాబులు చూస్తే బొమ్మ సరిగ్గానే పెట్టుకున్నాడనిపించింది. "ముందు చదివి రండి." "మా దగ్గర బాగానే ఉంది." "మళ్ళీ ప్రయత్నించి చూడండి." ఒక్కొక్కటి ఒక్కొక్క ముల్లు.

బుధవారం జవాబు లేదు. గంటకోసారి చూశాను, తర్వాత పది నిమిషాలకోసారి చూశాను. గురువారం పొద్దున్నా లేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, దింపుకోవడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. నా నాలుగు లైన్లు చూసి నవ్వుకుని ఉంటాడు, జవాబివ్వడానికి కూడా పనికిరాననుకుని ఉంటాడు, ఉంచుకోమను వాడి ముళ్ళు వాడే, అని రకరకాలుగా తిట్టుకుంటూ భోజనానికి పిన్ని గదికి వెళ్ళాను. గోడ పక్కన అట్టపెట్టెలో పిన్ని సామాను సర్దుకుంటోంది. గ్లాసు, చెప్పుల జత, అద్దం. చూసేసరికి ప్రాణం ఉసూరుమంది.

"ఏమన్నాడే మీ ముళ్ళాయన?"

"ఏమీ అనలేదు. అంటే వద్దన్నట్టే. ఇక అవదు పిన్నీ."

పిన్ని డబ్బా మూత తీయడం ఆపి నావైపు చూసింది. "వద్దన్నాడా?"

"అనలేదు. కానీ..."

"ఎన్నిసార్లు అడిగావు?"

"ఒకసారి," అన్నాను.

అన్నాక నాకు వినిపించింది, నేనేమన్నానో. బాబాయి పక్కనుంచి "ఇంకోసారి నొక్కండి" అన్నాడు, అచ్చం పిన్ని గొంతు పెట్టి. పిన్ని నవ్వుతుంటే గ్లాసులో నీళ్ళు తొణికాయి. మూడు రోజులుగా డ్రైవర్‌ని తిడుతున్న నేను, ఒక్క అక్షరం రాకపోయేసరికి "లేదు" అని తేల్చేసి వచ్చి కూర్చున్నాను. అడగందే అమ్మయినా పెట్టదు అంటారు. ముళ్ళపంది ఏపాటి?

చెయ్యి కడుక్కుని మేడ మీదకి వెళ్ళి మళ్ళీ రాశాను. ఈసారి కోడ్ గురించి రాయలేదు. పోయిన వస్తువుల గది గురించి, "లేదు" అన్నప్పుడల్లా రెండోసారి నొక్కే మా పిన్ని గురించి, పియానోల ఆయన గురించి, ఎర్ర బూటు గురించి, రేపటితో ఆవిడ వెళ్ళిపోవడం గురించి రాశాను. చిట్టాలో ఏరినవి కూడా, నంబర్లు చెరిపేసి, జతచేశాను.

ఇరవై నిమిషాల్లో జవాబొచ్చింది. ఆయన భాష వేరు, నా తెలుగులో చెబుతున్నాను.

"క్షమించాలి. వారం రోజులుగా మా ఇంటి పైకప్పు కారుతోంది, నిచ్చెన దిగలేదు. మీ మొదటి ఉత్తరం చూడనే లేదు. ఈ తప్పు గురించి ఆరేళ్ళుగా ఎవరో ఒకరు, అప్పుడప్పుడు ఖాళీ జవాబొస్తోంది, అని రాస్తూనే ఉన్నారు. నేను నొక్కితే బాగానే ఉండేది. మళ్ళీ ప్రయత్నించి చూడండి అని చెప్పి మూసేసేవాణ్ణి. వాళ్ళు మళ్ళీ ప్రయత్నించేవాళ్ళు, పనిచేసేది. నాకు సిగ్గుగా ఉంది. మీ పిన్నిగారిని అడిగానని చెప్పండి."

నేను ఆరేళ్ళ కిందట చేసిన పనే ఈయనా చేశాడు. మా ఇద్దరికీ తేడా ముళ్ళే. ఆ క్షణాన ఆయన మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

కానీ కింద ఇంకో ముక్క ఉంది. "మీ దిద్దుబాటులో ఒక లోపం. లైను పోతే ఏ మాటైనా మళ్ళీ పంపించేస్తున్నారు. ఉందా అని రెండుసార్లు అడిగితే నష్టం లేదు. ఈ గొడుగు రాసుకో అని రెండుసార్లు చెబితే ఒక గొడుగుకి రెండు చీటీలు పడతాయి." నిజమే. నా చెవులు వేడెక్కాయి. అడగడం ఎన్నిసార్లైనా అడగొచ్చు, రాయడం ఒక్కసారే. కూర్చుని ఆ తేడా పెట్టి, ఇంకో టెస్ట్ రాసి, ఐదున్నరకల్లా పంపాను. "బాగుంది. మీకు తెల్లారేసరికి రిలీజ్ చేస్తాను. పైకప్పు ఒక రోజు ఆగుతుంది," అని రాశాడు.

మాట నిలబెట్టుకున్నాడు. శుక్రవారం పొద్దున్న వచ్చేసరికి కొత్త రిలీజ్ ఉంది. ఏం మారిందో చెప్పే జాబితాలో ఆఖరి లైను ఇలా ఉంది: "ఖాళీ లైనుని 'లేదు' అనే జవాబుగా పొరబడడం ఆపాం. రెండోసారి అడిగిన పిన్నిగారికి కృతజ్ఞతలు." సూపరింటెండెంట్ గారు ఆ లైను కళ్ళజోడుతో ఒకసారి, కళ్ళజోడు లేకుండా ఒకసారి చదివి, "పెట్టెయ్" అన్నారు.

పదకొండింటికి పెట్టాను. కానీ రుజువు కావాలంటే అరగంట దాటేదాకా ఎవరూ ఆ కంప్యూటర్ని ముట్టుకోకూడదు. ఒంటిగంటన్నరకి పిన్ని ఆఖరిసారి నొక్కి చేతులు వెనక్కి తీసుకుంది. బాబాయి కుర్చీ వేసుకుని దానికి అడ్డంగా కూర్చున్నాడు. మధ్యలో ఒకాయన గొడుగు కోసం వచ్చాడు. "రెండూ పది దాకా ఆగండి," అన్నాడు బాబాయి. ఎందుకండీ అంటే, "అది పడుకుంది," అన్నాడు. ఆయన మాతోపాటే బెంచీ మీద కూర్చుని, మేమిచ్చిన అరటిపండు తిని, ఆ తర్వాత మాకంటే ఎక్కువగా గడియారం చూడడం మొదలుపెట్టాడు. మా సెక్షన్ వాళ్ళు ఒక్కొక్కరే దిగి వచ్చారు. ఆరేళ్ళ కిందట నవ్వినవాళ్ళందరూ ఉన్నారు. సూపరింటెండెంట్ గారు కూడా, అటుగా వెళ్తున్నట్టు వచ్చి, వెళ్ళకుండా నిలబడ్డారు.

రెండూ పదికి పిన్ని కుర్చీలో కూర్చుంది. గోధుమరంగు తోలుసంచీ, లోపల పనిముట్లు, అని టైప్ చేసింది. ఒక్కసారి నొక్కింది.

తోలుసంచీ, గోధుమరంగు, పనిముట్లు, నాలుగో అర.

సూపరింటెండెంట్ గారు గొంతు సవరించుకుని, "ఎందుకైనా మంచిది, ఇంకోసారి నొక్కండి పిన్నిగారూ," అన్నారు.

"అక్కర్లేదు," అంది పిన్ని.

గది గదంతా నవ్వింది. ఈ నవ్వు వేరు, ఇందులో నాకు గొంతుకి ఏమీ అడ్డం పడలేదు. గొడుగాయన గొడుగు కూడా మొదటిసారికే దొరికింది. ఆయన అందరికీ పేరుపేరునా చెయ్యి కలిపి వెళ్ళాడు.

అప్పుడు నేను జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి పిన్నికిచ్చాను. పాత చిట్టాలో "లేదు" అనిపించుకుని, రెండోసారి ఎవరూ నొక్కకుండా వెళ్ళిపోయినవాళ్ళందరి ప్రశ్నల్నీ కొత్త డ్రైవర్‌తో మళ్ళీ అడిగించాను. చాలావాటికి గడువు దాటిపోయింది. ఈ గదిలో ఇంకా ఉన్నది ఒకటే. మిగతా డిపోల్లో ముప్ఫై ఉన్నాయి. ప్రతిదాని పక్కనా అడిగినవాళ్ళ ఫోన్ నంబరు. మొట్టమొదటిది ఆరేళ్ళ కిందటిది, మధ్యాహ్నం రెండూ పద్నాలుగుకి అడిగింది.

పిన్ని ఆ నంబరు మీద వేలు పెట్టింది. "ఈ నంబర్లు ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయే?"

"మేడ మీద."

"నా నెత్తి మీదే," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపమో సంతోషమో నాకు తెలియలేదు. రెండూ అయి ఉంటాయి. "ఆరేళ్ళు నా నెత్తి మీద పెట్టుకుని నన్ను చూసి నవ్వారు కదే."

"తప్పైంది పిన్నీ," అన్నాను. అందరి ముందూ అన్నాను. పేరు పెట్టింది అందరి ముందే కదా.

ఆవిడ నా బుగ్గ మీద చిన్నగా ఒకటి తట్టి, బల్ల మీద ఫోన్ దగ్గరికి లాక్కుంది. నంబరు నొక్కింది. అవతల మోగుతోంది. పదిసార్లు మోగింది, పదిహేనుసార్లు మోగింది, ఆగిపోయింది.

"ఎత్తట్లేదు," అన్నాడు బాబాయి దిగులుగా. "ఆరేళ్ళైంది, నంబరు మార్చేసి ఉంటాడు." సూపరింటెండెంట్ గారు గడియారం చూసుకున్నారు. మా సెక్షన్ వాళ్ళు మెట్ల వైపు కదిలారు. నాకు కూడా, ఇంత జరిగాక కూడా, సరే పాపం ఇక దొరకడులే అనిపించింది.

పిన్ని రిసీవర్ చేతిలోనే ఉంచుకుని మా అందర్నీ ఒక్కసారి చూసింది. బడిలో పాఠం చెప్పి చెప్పి అలిసిపోయిన పంతులమ్మ చూపు. మళ్ళీ మొదట్నుంచి నంబరు నొక్కింది.

మూడోసారి మోగుతుండగా అవతల ఎత్తారు.

"అయ్యా, నేను పోయిన వస్తువుల గదినుంచి. మీరు తోలుసంచీ కోసం వచ్చారు ఆరేళ్ళ కిందట. లేదని చెప్పాను. తప్పు చెప్పాను. ఉంది. మీ కోసమే ఉంచాను." ఆవిడ కొంచెంసేపు విన్నది. "ఆయన ఎక్కడో నిచ్చెన మీద ఉన్నాడట, ఫోన్ దగ్గరికి రావడానికి టైం పట్టింది," అని మాకు చెప్పింది. లోకంలో అందరూ ఆ వారం నిచ్చెనల మీదే ఉన్నట్టున్నారు.

నాలుగున్నరకి వచ్చాడు. పొట్టిగా, బట్టతల, చొక్కా చేతుల మీద సున్నం మరకలు. సంచీకి చెయ్యి ఆనించకుండా ముందు వంగి చూశాడు, ఎవరి చంటిపిల్లనో చూసినట్టు. "మా గురువుగారిదండీ ఇది," అన్నాడు. తర్వాత కొత్తవి కొనుక్కున్నాడట, పని నడుస్తోందట, కానీ చెయ్యి కుదరలేదట. చెబుతూనే లోపలనుంచి ట్యూనింగ్ ఫోర్క్ తీశాడు. మోకాలికి ఒకటి తట్టి, దాని కాడని పిన్ని బల్ల మీద నిలబెట్టాడు.

బల్ల మొత్తం పలికింది. సన్నగా, నిండుగా, ఎక్కడా వణక్కుండా. ఆ స్వరం అరల్లోకి వెళ్ళి గొడుగుల మీదా, కళ్ళజోళ్ళ మీదా, ఎవరూ రాని ఆ చెక్క తలుపు మీదా ఆనినట్టే ఉంది. బాబాయి నోరు తెరుచుకుని వింటున్నాడు. స్వరం మెల్లగా సన్నబడి, ఆగిపోయింది.

పిన్ని రెండు చేతులూ బల్ల మీద పరిచి ఉంచింది, ఇంకా లోపల ఏమైనా మిగిలి ఉందేమోనని.

"ఏదీ," అంది, "ఇంకోసారి."